32 అంకెల సంఖ్య: ప్రధానమా, కాదా?

రెండు రెండ్లు నాలుగు. మళ్ళీ రెండుతో గుణిస్తే ఎనిమిది. ఇలా వరుసగా 103 రెండ్లను గుణిస్తే ఎంత వస్తుంది? కాగితం, పెన్సిలు లేకుండా చెప్పగలరా?

కడప జిల్లా కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మగారు చెప్పగలిగారు. ఆయన పుట్టుకతోనే అంధులు. ఒక గణితావధాన సభలో ఈ ప్రశ్న అడిగితే, నోటిలెక్కగా ఆయన ఇచ్చిన జవాబు ఇది:

10141204801825835211973625643008

మొత్తం 32 అంకెలు! ఇందులోంచి 1 తీసివేద్దాం. చివరి అంకె 7 అవుతుంది. ఈ కొత్త సంఖ్య, అంటే 2¹⁰³−1, ప్రధాన సంఖ్య అవుతుందా?

ప్రధాన సంఖ్య అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. మా మాడుగుల హల్వా ముక్కలు 12 ఉంటే ఇద్దరికో, ముగ్గురికో, నలుగురికో సమానంగా పంచవచ్చు. 13 ఉంటే? అన్నీ ఒక్కరే తినాలి, లేదా 13 మందికి తలా ఒకటి ఇవ్వాలి. కాబట్టి 13 ప్రధాన సంఖ్య.

ఇప్పుడు వీటిని చూడండి: 2³−1=7, 2⁵−1=31, 2⁷−1=127. ఘాతాంకాలు 3, 5, 7 ప్రధాన సంఖ్యలే. జవాబులూ ప్రధాన సంఖ్యలే. ఘాతాంకం 6 అయితే 63 వస్తుంది. అది 7×9. ఘాతాంకం ప్రధానం కాకపోతే జవాబు ఎప్పుడూ ప్రధానం కాదు.

మరి 103 ప్రధాన సంఖ్యే కదా, మన సంఖ్య కూడా ప్రధానమేనా? తొందరపడకండి! 11 కూడా ప్రధాన సంఖ్యే. కాని 2¹¹−1=2047=23×89. ఘాతాంకం ప్రధానం కావడం అవసరమే, అదొక్కటే చాలదు. ఫ్రాన్సు దేశపు మెర్సెన్ 1644లో ఇలాంటి ప్రధాన సంఖ్యల పట్టిక ప్రకటించాడు. అందులో 67, 257 ఘాతాంకాలు తప్పని తరువాత తేలింది. ఎంతటివారు చెప్పినా గణితంలో నిరూపణ కావాలి.

దానికి ఒక చక్కని పరీక్ష ఉంది. లూకాస్ కనిపెట్టగా, లేమర్ మెరుగుపరచాడు. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసివేయండి. పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. ఆ శేషంతో మళ్ళీ అలాగే చేయండి. ఘాతాంకం కన్న రెండు తక్కువసార్లు చేయాలి. చివర సున్న వస్తే ప్రధానం, రాకపోతే కాదు. 31కి మూడుసార్లు చేద్దాం: 4 నుంచి 14, తరువాత 194, శేషం 8, తరువాత 62, శేషం 0. కనుక 31 ప్రధాన సంఖ్య!

39 అంకెలున్న 2¹²⁷−1 ప్రధాన సంఖ్య అని లూకాస్ 1876లో చూపాడు. 2024లో ప్రకటించిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్యను సరిచూసింది కూడా ఈ పరీక్షతోనే, కంప్యూటర్ల మీద.

మన 32 అంకెల సంఖ్య మాటేమిటి? 101 సార్లు చేసినా చివర సున్న రాదు. అది ప్రధానం కాదు! 2550183799తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. చిత్రమేమిటంటే, ఏ సంఖ్యతో భాగింపబడుతుందో ఈ పరీక్ష చెప్పదు. భాగింపబడుతుందని మాత్రం ఖాయంగా చెబుతుంది.

127ను మీరే పరీక్షించండి. అయిదు మెట్లు చాలు. నాలుగో మెట్టులో 111 వస్తే మీ లెక్క సరిగా నడుస్తున్నట్టే. ఆపైన 2047 పట్టండి. తొమ్మిది మెట్లు ఎక్కాక మిగిలేది సున్న కాదని మీ చేతి లెక్కే మీకు చెబుతుంది.