మన ఇంట్లో ఉప్పునీటి చేపలు

ఆదిలాబాద్ ఎక్కడ, సముద్రం ఎక్కడ! విశాఖపట్నం బీచ్‌లో మత్స్యదర్శిని చూసొచ్చినప్పట్నుంచీ మా చిన్నోడికి తెల్లచారల క్లౌన్ ఫిష్ కావాలని ఒకటే గొడవ.

ముందు నా తప్పు చెప్తాను. తొట్టి పెట్టిన నాలుగో రోజే రెండు చేపలు తెచ్చి వదిలాను. వారం తిరక్కుండానే రెండూ పోయాయి. పిల్లాడు రెండ్రోజులు సరిగా అన్నం తినలేదు. నీళ్ళేమో అద్దంలా ఉన్నాయి! చేపల మలం, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా పుడుతుందట. దాన్ని నైట్రైట్‌గా, తర్వాత అంత హాని చెయ్యని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్ళలో, ఇసుకలో పెరగాలి. పాలు తోడు వేసి పెరుగయ్యేదాకా ఆగమూ? ఇక్కడ నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. రోజూ చిటికెడు మేత వేస్తూ, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాకే చేపను తేవాలి.

వంటింటి ఉప్పు పనికిరాదు. అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు లీటరు ఆర్.ఓ. నీళ్ళకి సుమారు 35 గ్రాములు కలిపితే హైడ్రోమీటర్ 1.025 దగ్గర నిలుస్తుంది. నీళ్ళు ఆవిరైతే ఉప్పు లోపలే ఉంటుంది, కాబట్టి తగ్గినంతా మంచినీళ్ళే పొయ్యండి.

అసలు భయం మన ఎండలది. తొట్టి నీళ్ళు 27 డిగ్రీలు దాటకుండా చూడాలి. నేను టేబుల్ ఫ్యాన్ గాలి నీళ్ళమీద తగిలేలా పెడతాను. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు. చలికాలంలో హీటరు.

అన్నట్టు, రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు ఎవరమ్మినా కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఏడో వారంలో ఒక్క చేపే తెచ్చాం. చిన్నోడు పొద్దున లేవగానే పళ్ళైనా తోముకోకుండా తొట్టి దగ్గరికే పరుగు.