ప్రత్యర్థికి బాట వేసిన పొగబండ్లు

1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వే తన ప్రధాన మార్గాల నుండి ఆవిరి ఇంజన్లకు వీడ్కోలు పలికింది. ఒక యుగం ముగిసిందని అందరూ భావించారు. కాని సముద్రానికి ఆవల, ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ తీరంలో కొన్ని నల్లని ఇంజన్లు పొగలు చిమ్ముతూ ఇంకా పనిలోనే ఉన్నాయి. అవి మోస్తున్నది ప్రయాణికులను కాదు, రాళ్లనూ మట్టినీ. ఆ మట్టితో నిర్మిస్తున్నది మోటారు వాహనాల రహదారి!

రైల్వే కాగితాలలో వాటి పేరు డబ్ల్యూ.టి. తరగతి. జనం మాత్రం యుద్ధకాలపు అమెరికన్ వాహనం పేరు పెట్టి 'జీపులు' అని పిలిచారు. ఏ పని అప్పగించినా కాదనని ఆ ఇంజన్లకు ఆ పేరు చక్కగా అతికింది. 1946-1950 మధ్య ఇంగ్లండులోని డెర్బీ కర్మాగారంలో ఇవి మొత్తం 18 తయారయ్యాయి. అయితే పుట్టినచోటి పట్టాల మీద అవి నడవలేవు. ఐర్లండు పట్టాల మధ్య వెడల్పు 5 అడుగుల 3 అంగుళాలు. ఇంగ్లండు పట్టాల కంటె ఆరున్నర అంగుళాలు ఎక్కువ, మన బ్రాడ్‌గేజి కంటె 3 అంగుళాలు తక్కువ.

సాధారణంగా పెద్ద ఆవిరి ఇంజను తన బొగ్గునూ నీటినీ వెనుక వేరొక బండిలో లాగుకొని పోతుంది. ట్యాంకు ఇంజనుకు ఆ తోకబండి లేదు. బాయిలరుకు ఇరువైపులా నీటి తొట్లు, డ్రైవరు వెనుక బొగ్గు అర ఉంటాయి. అందువల్ల అది ముందుకు ఎంత సులువుగా నడుస్తుందో వెనుకకూ అంతే సులువుగా నడుస్తుంది. గమ్యం చేరాక ఇంజనును తిప్పి నిలిపే శ్రమ లేదు. ఆరడుగుల చక్రాలతో జీపులు బెల్‌ఫాస్ట్ నుండి లండన్‌డెరీకి, లార్న్‌కు ప్రయాణికుల రైళ్లను వేగంగా నడిపాయి.

క్రమేణా డీజిల్ రైలుకార్లు ప్రయాణికుల రాకపోకలను చేపట్టాయి. జీపులకు కాలం చెల్లిందనుకుంటున్న వేళ, 1966లో, కొత్త పిలుపు వచ్చింది. ఎం-2 రహదారి కోసం బెల్‌ఫాస్ట్ అఖాతపు అంచును పూడ్చాలి. అందుకు కావలసిన రాతివ్యర్థం లార్న్ మార్గంలోని మాహెరమోర్న్ వద్ద ఉంది. అంతటి బరువును లాగడం రైలుకార్ల తరం కాదు. ఇరవై వ్యాగన్ల బండికి ముందొక జీపు, వెనుకొక జీపు తగిలించి 1970 వరకు దాదాపు 40 లక్షల టన్నులు తరలించారు.

తమ ఉపాధిని హరించబోయే బాటకు తామే పునాది మోయడం ఎంత విచిత్రం! అయినా ఆ చాకిరీయే వాటి ఆయుష్షును పొడిగించింది. పని ముగిశాక తక్కినవన్నీ పాత ఇనుములో కలిసిపోయాయి. 1947లో తయారైన 4వ నంబరు ఇంజనును మాత్రం 1971లో ఐర్లండు రైల్వే పరిరక్షణ సంఘం కొన్నది. వైట్‌హెడ్‌లోని ఆ సంఘం ఆవరణలో అది తన తరగతికి ఏకైక వారసురాలిగా మిగిలింది. ఎం-2 మీద దూసుకుపోయే కార్లలో ఎందరికి తెలుసు, తమ చక్రాల కిందనున్న నేల ఒకనాడు పొగబండి మోసుకొచ్చినదని?