స్పేస్ ఇన్వేడర్స్: గేమ్ ఫోన్‌లోనే ఉండగా ఆ పాత మెషీన్ ఎందుకు?

ఈ ఎపిసోడ్‌లో స్పేస్ ఇన్వేడర్స్ గురించి మాట్లాడుకుందాం. ఇలాంటి గేమ్ మీలో చాలామంది ఫోన్‌లో ఎప్పుడో ఒకసారి ఆడే ఉంటారు. కింద మన ఫిరంగి, పైన వరసలుగా గ్రహాంతర జీవులు. అవి పక్కకి జరుగుతూ, అంచు తగలగానే ఒక మెట్టు కిందకి దిగుతాయి. నేల దాకా వచ్చేశాయా, ఇక మన పని అయిపోయినట్టే.

మరి ఫోన్‌లో ఆడుకోగలిగిన గేమ్ కోసం కొంతమంది బీరువా అంత పెట్టెని కొని ఇంట్లో ఎందుకు పెట్టుకుంటారు? జవాబు ఆ పెట్టె లోపలే ఉంది.

ముందు కథ చెప్తాను. 1978లో జపాన్‌లో టైటో కంపెనీ ఈ గేమ్‌ని విడుదల చేసింది. తయారు చేసినవారు తోమోహిరో నిషికాడో. గేమ్ కంటే ముందు, దాన్ని తయారు చేయడానికి కావలసిన పరికరాలు కూడా ఆయనే చేసుకోవాల్సి వచ్చింది. మనుషుల్ని కాల్చే గేమ్ బాగోదని గ్రహాంతర జీవుల్ని పెట్టారు. ఆ ఆకారాలు జాగ్రత్తగా చూడండి, ఆక్టోపస్, పీత, స్క్విడ్ కనిపిస్తాయి. అమెరికాలో మిడ్‌వే కంపెనీ లైసెన్స్ తీసుకుని ఈ మెషీన్లు తయారు చేసింది.

ఇప్పుడు అసలు విషయం. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవి స్పీడ్ అందుకుంటాయి, గమనించారా? ఇందులో ఉన్నది ఇంటెల్ 8080 ప్రాసెసర్, స్పీడ్ 2 మెగాహెర్ట్జ్. మొత్తం 55 మందిని ఒకేసారి కదిపే ఓపిక దానికి లేదు. అందుకని తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ ఒక్కణ్ణి మాత్రమే కదుపుతుంది. తెర సెకనుకి సుమారు 60 సార్లు మారుతుంది. అంటే 55 మంది ఉంటే, అందరూ ఒక్క అడుగు వేయడానికి దాదాపు ఒక సెకను. పది మందే ఉంటే సెకనులో ఆరో వంతు. ఒక్కడే మిగిలితే? ప్రతిసారీ వాడి వంతే. అందుకే ఆ చివరివాడు అలా పరుగెడతాడు! నిజానికి ఇది మెషీన్ బలహీనత. నిషికాడో దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశారు. గేమ్‌లో ఆ టెన్షన్ మొత్తం అక్కడి నుంచే వచ్చింది.

సరే, ఈ స్పీడ్ ఫోన్‌లో కూడా వస్తుంది కదా అంటారా? వస్తుంది. రానివి వేరే ఉన్నాయి. మిడ్‌వే నిలువు మెషీన్‌లో మనం తెరని నేరుగా చూడం. తెర మీద బొమ్మ ఒక సగం పారదర్శకమైన అద్దంలో పడుతుంది, మనం ఆ అద్దాన్ని చూస్తాం. అద్దం వెనక నిజంగా పెయింట్ చేసిన చంద్రుడి దృశ్యం ఉంటుంది. దాని మీద బ్లాక్ లైట్ వెలుగుతుంది. అంటే శత్రువులు చంద్రుడి ముందు గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తారు. ఇక రంగులంటారా, అసలు తెర బ్లాక్ అండ్ వైటే. దాని మీద రంగు ప్లాస్టిక్ కాగితం ముక్కలు అతికించారు, అంతే! ఆ గుండె చప్పుడు లాంటి నాలుగు స్వరాలు కూడా రికార్డింగ్ కాదు, బోర్డు మీది సర్క్యూట్ అప్పటికప్పుడు పుట్టించే శబ్దం.

అందుకే కలెక్టర్లకి కంగారు. పిక్చర్ ట్యూబులు కొత్తవి ఇప్పుడు దాదాపు ఎవరూ తయారు చేయడం లేదు. ఎల్‌సీడీ పెడితే సరిపోదా? అందులో నలుపు కూడా కొంచెం వెలుగుతుంది. ఆ వెలుగు అద్దంలో పడితే చంద్రుడి మీద పొగమంచు కమ్మినట్టు ఉంటుంది. పైగా వసూళ్లు తగ్గాక చాలా చోట్ల పాత పెట్టెల్లో బోర్డు తీసేసి వేరే గేమ్ పెట్టేశారు. అంటే పెట్టె బతికినా లోపలిది పోయింది.

కొనే ఆలోచన ఉంటే ఇవి చూడండి. బోర్డు అసలుదేనా? పెట్టె అడుగు తడికి ఉబ్బిందా? అద్దం, చంద్రుడి బొమ్మ ఉన్నాయా? మెషీన్ ఆపేసినా తెర మీద పాత బొమ్మ మచ్చలా కనిపిస్తోందా? అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎవరైనా కొని ఇండియాకి తేవాలనుకుంటే ఇంకో మాట. అక్కడ కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్ పెట్టారో, బోర్డు కాలిపోవచ్చు.

ఇది మాత్రం సీరియస్‌గా వినండి. ప్లగ్ పీకేసినా పిక్చర్ ట్యూబులో వేల వోల్టుల చార్జ్ మిగిలి ఉండొచ్చు. యూట్యూబ్ చూసి చెయ్యి పెట్టకండి. పాత టీవీలు బాగుచేసిన మెకానిక్‌ని పిలవండి. ఆ పని తెలిసినవాళ్ళు కూడా ఇప్పుడు తగ్గిపోతున్నారు, పిక్చర్ ట్యూబుల లాగే.

ప్రోగ్రామ్‌కి ఏమీ కాదు ఫ్రెండ్స్, దాన్ని ఎన్ని ఫోన్లలోకైనా కాపీ చేసుకోవచ్చు. అద్దంలో తేలే ఆ బొమ్మని మాత్రం కాపీ చేయలేం. ఒక్కో మెషీన్ పాడైనప్పుడల్లా దాన్ని చూసే అవకాశం ఇంకొంచెం తగ్గుతుంది. వాళ్ళు డబ్బు పెట్టి కాపాడుతున్నది దాన్నే.

మీరు ఆడిన మొదటి గేమ్ ఏది, ఏ మెషీన్ మీద ఆడారు? కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం, బై!