చిన్న వైడ్ లెన్స్‌లో దాగిన సౌష్ఠవం

రేంజ్‌ఫైండర్ కెమెరాకు జేబులో పట్టేంత వైడ్ లెన్స్ కొనాలనుకుంటున్న ఒక పాఠకుడు మంచి చిక్కుప్రశ్న పంపారు. ఒకే లెన్స్‌ను ఫిల్మ్ మీద అద్భుతమని కొందరు మెచ్చుకుంటుంటే, డిజిటల్ మీద అంచులు ఎర్రబడతాయని మరికొందరు వద్దంటున్నారు, ఎవరి మాట నిజమని ఆయన సందేహం. ఇద్దరి మాటా నిజమే. ఆ లెన్స్ అంత చిన్నగా ఉండటానికీ, దానిలో గోడలూ గుమ్మాలూ వంకర పోకుండా రావడానికీ, డిజిటల్ సెన్సర్ ముందు అది తడబడటానికీ కారణం ఒక్కటే. ఆ కారణం పట్టుబడితే ఏ లెన్స్ కొనాలన్నది పెద్ద సమస్య కాదు.

రేంజ్‌ఫైండర్‌లో దృశ్యాన్ని చూసే కిటికీ వేరు, ఫొటో తీసే లెన్స్ వేరు. అందువల్ల లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య పైకీ కిందికీ ఆడే అద్దం అక్కర్లేదు. 1954లో ఎం3తో వచ్చిన లైకా ఎం మౌంట్‌లో లెన్స్ ఆనే అంచు నుంచి ఫిల్మ్‌కు దూరం 27.8 మిల్లీమీటర్లు, 1959 నాటి అద్దం ఉన్న నికాన్ ఎఫ్ అనే ఎస్‌ఎల్‌ఆర్‌లో అది 46.5. ఎపర్చర్‌కు అటూ ఇటూ ఒకే తీరులో గాజులున్న 21 మి.మీ. లెన్స్ దూరపు దృశ్యాన్ని ఫిల్మ్ మీద నిలపాలంటే దాని నడిబొడ్డు ఫిల్మ్‌కు దాదాపు 21 మి.మీ. దగ్గరే ఉండాలి. ఎస్‌ఎల్‌ఆర్‌లో ఆ చోటు అద్దానిది. నికాన్ ఎఫ్‌కు వచ్చిన తొలి 21 మి.మీ. లెన్స్‌ను తగిలించాలంటే ముందు అద్దాన్ని పైకెత్తి ఆపి, కెమెరా నెత్తిన వేరే వ్యూఫైండర్ పెట్టుకోవాల్సి వచ్చింది. దీనికి ఫ్రాన్స్‌లో పియర్ ఆంజెన్యూ 1950లో రెట్రోఫోకస్‌తో దారి చూపాడు: ముందు పెద్ద పుటాకార కటకం పెట్టి, మిగతా లెన్స్‌ను ఫిల్మ్‌కు దూరంగా జరిపాడు. అద్దానికి చోటు దొరికింది. కానీ లెన్స్ లావెక్కింది, ముందు భాగానికీ వెనక భాగానికీ పోలిక లేకుండా పోయింది.

ఆ పోలిక విలువ చిన్నది కాదు. ఎపర్చర్‌కు ముందున్న గాజులు ఒక తిన్నని గీతను అంచుల దగ్గర బయటికి వంచాయనుకుందాం. అవే గాజులను తిరగేసి ఎపర్చర్ వెనక పెడితే అంతే మేర లోపలికి వంచుతాయి. గీత మళ్లీ తిన్ననవుతుంది. అంచుల దగ్గర రంగులు విడిపోవడం, చుక్కకు తోక మొలవడం కూడా ఇలాంటివే. ఈ మూడు దోషాలూ ఎపర్చర్‌కు ఏ పక్క పుడితే ఆ పక్క గుర్తును తీసుకుంటాయి, ప్లస్సూ మైనస్సూ కలిసి సున్నా అవుతాయి. పైసా ఖర్చు లేకుండా, అదనంగా ఒక్క గాజు కూడా చేర్చకుండా మూడు రోగాలు కుదిరిపోతాయి. కటకాల శాస్త్రంలో ఇంతకన్నా అందమైన సంగతి నాకు కనిపించదు. అయితే సౌష్ఠవం ఉంటే చాలు, లెన్స్ నిర్దోషం అన్న మాట మాత్రం తప్పు. బింబం వస్తువంతే పరిమాణంలో ఉన్నప్పుడే ఆ రద్దు సంపూర్ణం. దూరపు దృశ్యానికి చాలావరకే జరుగుతుంది. పైగా గోళీయ దోషం, బింబతలం వంగిపోవడం వంటివి గుర్తు మార్చుకోవు, రెండు పక్కలవీ కలిసి పెరుగుతాయి. వాటిని వేరే ఉపాయాలతో అదుపు చేయాల్సిందే.

ఈ ఆలోచనను కొసదాకా తీసుకెళ్లినది హైపర్గాన్. 1900లో గెర్జ్ సంస్థ కోసం ఎమిల్ ఫాన్ హోగ్ రూపొందించిన ఆ లెన్స్‌లో ఉన్నవి రెండే గాజులు, బుడగను రెండుగా చీల్చినట్టున్న పలుచని చిప్పలు. అది చూసే కోణం దాదాపు 135 డిగ్రీలు. అంచుల దగ్గర ఎంత చీకటి పడేదంటే, లెన్స్ ముందు నక్షత్రం ఆకారంలో ఒక రేకు బిగించి, రబ్బరు బుడ్డి నొక్కి ఆ గాలితో దాన్ని గిరగిరా తిప్పేవారు. నడుమ వెలుగును అది కాసేపు అడ్డుకునేది, ఈలోగా అంచులు వెలుగు పట్టేవి.

ఆ చీకటికి లెక్క ఉంది. ఏటవాలుగా వచ్చే కిరణం ఎక్కువ దూరం నడుస్తుంది, ఎపర్చర్ రంధ్రం దానికి సన్నగా కనిపిస్తుంది, ఫిల్మ్ మీద అది పలుచగా పరుచుకుంటుంది. అన్నీ కలిపితే వెలుగు ఆ కోణపు కొసైన్ నాలుగో ఘాతం మేరకు తగ్గుతుంది. 35 మి.మీ. ఫిల్మ్ చట్రపు మూలలో, నడుమ వెలుగుతో పోలిస్తే 35 మి.మీ. లెన్స్‌కు 52 శాతం మిగులుతుంది, 28కి 39, 21కి 24, 15కి పదే. వెనక గాజు ఫిల్మ్‌కు దగ్గరగా ఉండబట్టే మూలలు నల్లబడతాయని చాలామంది రాస్తుంటారు. తప్పు గాజు దగ్గరితనానిది కాదు, కిరణాలు దిగే కోణానిది. ఇంకా పెద్ద పొరపాటు, ఈ నాలుగో ఘాతాన్ని ప్రకృతి శాసనమని నమ్మడం. ఆ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది: ఎపర్చర్ రంధ్రం పక్క నుంచి చూస్తే సన్నబడి తీరుతుందని. సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ రుసీనొవ్ 1946లో ఆ ఊహనే కదిలించాడు. రెండు కొసలా లోతైన పుటాకార గాజులు పెట్టి, ఏటవాలు కిరణాలకు రంధ్రం ఉబ్బి కనిపించేలా చేశాడు. లుడ్‌విగ్ బెర్టెలె 1950లలో రూపొందించిన జైస్ బయోగాన్ 21 మి.మీ. ఎఫ్/4.5, తర్వాతి సూపర్ ఆంగులాన్ లెన్స్‌లూ ఆ బాట పట్టినవే. దీన్ని కంటితో చూడొచ్చు. మామూలు లెన్స్‌ను వెలుగుకు ఎదురుగా పట్టుకుని మెల్లగా పక్కకు వంచితే, లోపలి గుండ్రని రంధ్రం నిమ్మకాయలా, తర్వాత చీలికలా సన్నబడుతుంది. బయోగాన్ జాతి లెన్స్‌ను వంచితే రంధ్రం మన వైపు తిరుగుతున్నట్టు, నిండుగా ఉండిపోతుంది. ఘాతం నాలుగు నుంచి మూడుకు దిగితే 21 మి.మీ. మూలలో 24 శాతం కాస్తా 34 అవుతుంది.

ఫిల్మ్‌కు కోణంతో పెద్దగా పేచీ లేదు. సెన్సర్‌కు ఉంది. అందులో ప్రతి పిక్సెల్ ఒక బావి లాంటిది. నడినెత్తి ఎండ అడుగుదాకా చేరుతుంది, ఏటవాలు ఎండ ఒర మీదే ఆగిపోతుంది. ఆగిన వెలుగులో కొంత పక్క పిక్సెల్ లోకి, అంటే వేరే రంగు ఫిల్టర్ కింద ఉన్నదాంట్లోకి జారుతుంది. 2009 నాటి లైకా ఎం9లో మూలల వైపు పిక్సెళ్ల మీది సూక్ష్మ కటకాలను కొద్దిగా పక్కకు జరిపి అమర్చినా, కొన్ని వైడ్ లెన్స్‌లతో ఒక అంచు ఎరుపు, మరో అంచు ఆకుపచ్చ తేలి ఇటలీ జెండా అన్న పేరు పడింది. రంగు కన్నా మొండిది సెన్సర్ మీది గాజు పలక. 1 మి.మీ. మందం పలక నడుమ కిరణాల ఫోకస్‌ను మూడోవంతు మిల్లీమీటరు వెనక్కి నెడుతుంది. 45 డిగ్రీల దగ్గర ఆ నెట్టుడు ఒక దిశలో 0.47, దానికి అడ్డ దిశలో 0.66 మి.మీ. అంటే మూలలో నడుమ వైపు సాగే గీతకూ దానికి అడ్డంగా ఉన్న గీతకూ ఫోకస్ వేర్వేరు చోట్ల పడుతుంది, ఆకులు అలికినట్టు వస్తాయి. లైకా ఎం కెమెరాల్లో పలక పలుచగా ఉంచడం ఇందుకే. అదే పాత లెన్స్‌ను పలక మందంగా ఉన్న మిర్రర్‌లెస్ కెమెరాకు అడాప్టర్‌తో తగిలించి, లెన్స్ చెడ్డదని తీర్పు చెప్పడం అన్యాయం.

సాఫ్ట్‌వేర్ సరిచేయదా అంటే, రంగునూ చీకటినీ సరిచేస్తుంది. కానీ పాతిక శాతం వెలుగును నాలుగింతలు చేస్తే దానితోపాటు నాయిస్ కూడా నాలుగింతలవుతుంది. అలికిన ఆకులు మాత్రం తిరిగి రావు, అక్కడ సమాచారమే లేదు. నేటి రెట్రోఫోకస్ లెన్స్‌లు అద్భుతంగా ఉన్నాయి కదా అన్నది ఇంతకన్నా బలమైన అభ్యంతరం. ఉన్నాయి. 1999లో వచ్చిన వోయిట్‌లాండర్ 15 మి.మీ. హెలియార్ అరచేతిలో ఇమిడేది. డిజిటల్ కోసం తిరిగి రూపొందించిన మూడో వెర్షన్ అంచుల్ని బాగు చేసింది, పొడవూ బరువూ మాత్రం పెరిగాయి. సౌష్ఠవం వదులుకుంటే చెల్లించాల్సిన ధర అదే. రేంజ్‌ఫైండర్‌లో అది ఒట్టి బరువు సమస్య కూడా కాదు, లావు లెన్స్ చూసే కిటికీలో మూల ఒకటి మింగేస్తుంది. ఇక ఎఫ్/4.5 చాలదనే ఫిర్యాదు నాకు రుచించదు. 21 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/8లో 1.8 మీటర్ల దగ్గర నిలిపితే, 0.9 మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. ఫోకస్ తిప్పే పనే లేదు.

కాబట్టి ఫిల్మ్ వాడేవారు నిస్సంకోచంగా సౌష్ఠవం ఉన్న చిన్న లెన్స్ తీసుకోవచ్చు. 21 మి.మీ.కు జైస్ సి బయోగాన్ ఎఫ్/4.5ను మించి గీతలు తిన్నగా ఇచ్చేవి అరుదు. దీనికి నెత్తిన వేరే వ్యూఫైండర్ కావాలని మరవకూడదు, లైకా ఎం కెమెరాల్లో లోపలి గీతలు 28 మి.మీ. దగ్గరే ఆగుతాయి. డిజిటల్‌లో రంగు ఫొటోలు తీసేవారికి ఆ 28 మి.మీ. మేలు, కిరణాలు అక్కడ 38 డిగ్రీలు దాటవు. 1955లో పుట్టి 2016లో మళ్లీ వచ్చిన లైకా సుమారాన్ 28 మి.మీ. ఎఫ్/5.6 పొడవు 18 మి.మీ. మాత్రమే. మూలలు కాస్త మసకేస్తాయి, ధర మాత్రం భయపెడుతుంది. నలుపు తెలుపు తీసేవారికి రంగు బాధ ఎలాగూ లేదు, పాత 21 కూడా పనికొస్తుంది. ఇంతకన్నా వైడ్ కావాలంటే సైజు మీద పంతం వదిలి కొత్త డిజైన్ కొనాలి. అమ్మేవారు ఎఫ్ నంబరూ, నడిమధ్య స్పష్టతా తప్ప మరేమీ చెప్పకపోవడమే విచారం. వెలుగు వెనక నుంచి ఏ కోణంలో బయటికొస్తుందో ప్రతి లెన్స్ పెట్టె మీదా అచ్చు వేయాలి. డిజిటల్ కెమెరా ఉన్నవారికి కావలసిన అంకె అదే.