లినక్స్‌లో సోర్స్ నుంచి ఇన్‌స్టాల్ చేసింది శుభ్రంగా తీసేయడం ఎలా? సిమ్‌లింకులు, గ్నూ స్టో

ముందు మీ ఆండ్రాయిడ్ ఫోన్ గుర్తు తెచ్చుకోండి. హోమ్ స్క్రీన్ మీద ఐకాన్ ఒక్కటే తీసేస్తే యాప్ పోతుందా? పోదు. ఐకాన్ దారి మాత్రమే, యాప్ లోపల అలాగే ఉంటుంది. ఈ ముక్క గుర్తుంటే ఈరోజు ఎపిసోడ్ సగం అర్థమైనట్టే.

నా సంగతి చెప్తాను. కాలేజీలో ఉండగా ఒక ప్రోగ్రామ్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేసి ‘మేక్ ఇన్‌స్టాల్’ కొట్టాను. పని అయిపోయిందని సోర్స్ ఫోల్డర్ డిలీట్ చేసేశాను. కొన్నాళ్లకి ఆ ప్రోగ్రామ్ తీసేద్దామని చూస్తే, దాని ఫైళ్లు ‘యూఎస్ఆర్ లోకల్’ కింద బిన్‌లో కొన్ని, లిబ్‌లో కొన్ని, షేర్‌లో కొన్ని ఉన్నాయి. ఏది దేనిదో తెలీదు. అందాజుగా తీసేస్తూ పోయాను. వేరే ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీ కూడా పోయింది. తెల్లారితే ప్రాజెక్ట్ డెమో! రాత్రంతా జాగారమే.

తప్పు ఎక్కడ జరిగింది? ‘ఆప్ట్’తో ఇన్‌స్టాల్ చేస్తే ఏ ఫైల్ ఎక్కడ పెట్టిందో అది రాసి పెట్టుకుంటుంది. ‘మేక్ ఇన్‌స్టాల్’ మామూలుగా అలాంటి లెక్క ఉంచదు. ఫైళ్లు కాపీ చేసి తన దారిన తను పోతుంది.

మరి లెక్క ఎవరు ఉంచాలి? ఫోల్డరే ఉంచుతుంది. ఒక్కో ప్రోగ్రామ్‌ని దాని సొంత ఫోల్డర్‌లో పెట్టి, బయట సిమ్‌లింకులు మాత్రమే పెడతాం. సిమ్‌లింక్ అంటే అసలు ఫైల్ అడ్రస్ రాసున్న చిన్న ఫైల్, మన ఐకాన్ లాంటిదే. ఈ లింకులన్నీ చేత్తో పెట్టక్కర్లేదు, ‘గ్నూ స్టో’ అనే టూల్ పెడుతుంది. ఉబుంటులో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ స్టో’ అంటే వచ్చేస్తుంది.

ఉదాహరణకి హెచ్‌టాప్ 3.3.0 తీసుకుందాం. హోమ్‌లో ‘డాట్ లోకల్’ ఫోల్డర్ ఉంటుంది. దాని లోపల ‘బిన్’, ‘స్టో’ అని రెండు ఫోల్డర్లు చేసుకోండి. హెచ్‌టాప్‌ని కాన్ఫిగర్ చేసేటప్పుడు ప్రిఫిక్స్‌గా, స్టో లోపల ‘హెచ్‌టాప్-3.3.0’ అనే ఫోల్డర్ పూర్తి దారి ఇవ్వండి. తర్వాత మేక్, మేక్ ఇన్‌స్టాల్. హోమ్‌లోనే పెడుతున్నాం కాబట్టి ఈ రెండింటికీ సుడో అక్కర్లేదు. ఇప్పుడు స్టో ఫోల్డర్‌లోకి వెళ్లి ‘స్టో హెచ్‌టాప్-3.3.0’ అని కొట్టండి. ఒక మెట్టు పైన ఉన్న డాట్ లోకల్‌లో లింకులు పడిపోతాయి. కమాండ్ దొరకట్లేదా? ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. ఉబుంటు ఆ బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో కలిపేది లాగిన్ అప్పుడే.

తీసేయాలా? అదే చోట ‘స్టో హైఫన్ క్యాపిటల్ డి’ అని, పక్కన ఫోల్డర్ పేరు. లింకులు పోతాయి, అసలు ఫైళ్లు భద్రంగా ఉంటాయి. పక్కన 3.2.2 కూడా పెట్టుకున్నారనుకోండి, కొత్తదాని లింకులు తీసి పాతదానికి పెట్టడమే. ఒక్క నిమిషం పని. పూర్తిగా వద్దనుకుంటే, లింకులు తీశాక ఆ ఫోల్డర్ డిలీట్ చేయండి. వరస మార్చకండి! ఫోల్డర్ ముందు తీసేస్తే, ఎక్కడికీ పోని లింకులు మిగిలిపోతాయి.

ఇంకో మంచి గుణం ఉంది. లింక్ పెట్టాల్సిన చోట అదే పేరుతో వేరే ఫైల్ ఉంటే స్టో దాన్ని తుడిచేయదు, ‘కాన్‌ఫ్లిక్ట్’ అని చెప్పి ఆగిపోతుంది. భయంగా ఉంటే ముందు ‘హైఫన్ చిన్న ఎన్, హైఫన్ చిన్న వి’ రెండూ ఇచ్చి చూడండి. ఏం చేయబోతోందో చెప్తుంది, చేయదు.

ఆ రోజు నాకు ఈ కమాండ్ తెలిసుంటే హాయిగా నిద్రపోయేవాణ్ణి. మీరైనా డెమో ముందురోజు దాకా ఆగకుండా, ఈరోజే ఒక చిన్న ప్రోగ్రామ్‌తో మొదలుపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.