చెట్లకు వైద్యము చేయువారు

చెట్టెక్కుట తోటలలో కాపురముండు కుటుంబములకు వింత కాదు. తాటిచెట్టునకు మోకు బిగించి పైకి ప్రాకు గీతవానిని చూచి పెరిగినవారు వారిలో అనేకులు. తెల్లవాఱకమునుపే రబ్బరు చెట్టు బెరడును పలుచగ గీచి పాలు తీయువారును, తేయాకు పొదలను మట్టముగ కత్తిరించువారును కలరు. కత్తి కొంచెము లోతుగ దిగి కొయ్యను తాకినచో చెట్టు చెడునని వీరికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆస్ట్రేలియా దేశమున ఇట్టి నేర్పునే జీవనాధారముగ చేసికొన్న పనివారు కొందఱు కలరు. వారు పంట కొఱకు చెట్టెక్కరు. చెట్టు బ్రదుకవలెననియు, దాని నీడను నడచు మనుష్యులు క్షేమముగ నుండవలెననియు ఎక్కుదురు. పూర్వము వారిని ట్రీ సర్జనులనిరి, ఇప్పుడు ఆర్బరిస్టులందురు. వృక్షవైద్యులనుట తగియుండును.

వేసవియందు ఎండ ముదురకమునుపే పని సాగవలెనని వారు వేకువనే బయలుదేఱుదురు. జట్టులో ఒకడు పైకెక్కును; తక్కినవారు నేలపై నిలుతురు. ఱంపము పట్టకమునుపు జట్టంతయు చెట్టు చుట్టు తిరిగి చూచును. మొదట పుట్టగొడుగులు మొలచినవా, మ్రాను మీద పగులు కలదా, ఎండుకొమ్మ యేది, విద్యుత్తు తీగ ఎంత దూరమున నున్నది, కొమ్మ ఏ వైపు పడును, ఆపద వచ్చినచో తొలగుటకు దారి యేది అని విచారించి, చూచినదానిని కాగితముపై వ్రాసికొందురు. ఈ పరీక్షకు పట్టు కాలము వృథా యని తలచు జట్టునకు త్వరలోనే గుణపాఠము కలుగును.

ఎక్కువాడు నడుమునకును తొడలకును పట్టెడలు బిగించుకొని, గట్టికొమ్మ మీదుగ త్రాడు వేసి దాని ఆధారముననే పైకి పోవును. యంత్రపు ఱంపమును నడుపునప్పుడు ఒక్క త్రాడు చాలదు. రెండవ కట్టుతో కూడ తన్ను చెట్టునకు కట్టుకొనవలెను. ఏలయనగా ఱంపము తప్పి ఒకదానిని తెంచినను రెండవది వానిని నిలుపును. ఇనుప ముండ్లను కాళ్ళకు కట్టుకొని ఎక్కుట కొట్టివేయవలసిన చెట్టునకే తగును. బ్రదుకవలసిన చెట్టు బెరడులో ఆ ముండ్లు గ్రుచ్చరాదు. ఇంటి కప్పుపై వ్రాలిన పెద్దకొమ్మను ఒక్కుమ్మడిగ పడనీయక త్రాటితో కట్టుదురు. నేలపైనున్న వాడు ఆ త్రాటిని కొద్దికొద్దిగ వదలుచు కొమ్మను మెల్లగ దింపును. పైవాడు ఎంతటి నేర్పరియైనను వాని ప్రాణము క్రిందివాని చేతిలోనే యుండును.

క్రిందివాని పనియు తక్కువ అపాయకరము కాదు. కొమ్మలను నమలి పొట్టుచేయు యంత్రము కలదు. అది కొమ్మను లాగుకొను వేగమునకు చిక్కిన చేతిని వెనుకకు తీయు వ్యవధి యుండదు. కావున వదులు వస్త్రములు ధరించి దాని దగ్గఱకు పోరాదు. విద్యుత్తు తీగల చెంత కొమ్మలు కొట్టుటకు ప్రత్యేకశిక్షణ పొందినవారే పోవలెను. పొడిగాలులు వీచునప్పుడు తీగను తాకిన కొమ్మ నిప్పురవ్వలు రాల్చి అడవినే దహింపగలదు గనుక ఆ పని మానుటకును వీలులేదు. మఱియు యూకలిప్టసు, అనగా నీలగిరి చెట్ల జాతులలో కొన్ని, వేసవినాడు గాలి లేకపోయినను పచ్చికొమ్మనే హఠాత్తుగ విడుచును. నదీతీరముల పెరుగు ఎఱ్ఱకొయ్య నీలగిరికి ఆ దేశపు జనులు విధవలను చేయు చెట్టని మాఱుపేరు పెట్టిరి. ఆ పేరు వెనుక ఎన్ని యిండ్ల దుఃఖమున్నదో చదువరులు ఊహింపగలరు.

ఇక కోతను గూర్చి. మనుష్యుని చర్మము తెగినచో మరల అతుకును. చెట్టు గాయము అట్టిది కాదు. చెడిన కొయ్య మరల మంచిది కానేరదు. చెట్టు గాయము చుట్టు లోపల గోడలవంటివి కట్టి, కుళ్ళును అచ్చటనే బంధించి, దానిపై క్రొత్త కొయ్యను పెంచుకొనును. అమెరికా దేశపు అటవీశాఖయందు పనిచేసిన అలెక్సు షైగో అనేక వృక్షములను నిలువున కోసి పరీక్షించి, ఈ సంగతిని 1970 తరువాతి దశకమున స్పష్టపఱచెను. అంతకుముందు వృక్షవైద్యులు తొఱ్ఱలోని కుళ్ళును గీకివేసి, దంతవైద్యుడు పంటిని నింపునట్లు సిమెంటుతో నింపుచుండిరి. జాన్ డేవీ 1901లో తన గ్రంథమును ప్రకటించిన నాటనుండి ఆ వృత్తి ప్రసిద్ధికెక్కెను. కాని చెట్టు గాలికి ఊగును, సిమెంటు ఊగదు. రెండును ఒరసికొని లోపల తేమ నిలిచి కుళ్ళు హెచ్చును. పూర్వులు మంచి తలంపుతోనే చేసిరి. అయినను తప్పు తప్పే గనుక తరువాతివారు దానిని విడిచిరి.

ఇప్పటి పద్ధతి యిది. బరువైన కొమ్మను మూడు కోతలుగ కోయుదురు. మొదటి కోత కొమ్మ మొదటికి కొంత దూరమున క్రిందివైపున సగము లోపుగ. రెండవది దానికి ఆవలగ పైనుండి. అప్పుడు కొమ్మ బెరడును చీల్చుకొని పోక శుభ్రముగ విఱిగి పడును. మిగిలిన మొద్దును మూడవ కోతతో తీయుదురు. కొమ్మ మ్రానును కలియు చోట ఉబ్బెత్తుగ ఒక మెడ యుండును. దాని వెలుపలనే ఱంపము నడువవలెను. మెడను కోసినచో గోడ కట్టు శక్తి పోవును. మొద్దు విడిచినచో అది కుళ్ళును. ఆస్ట్రేలియాలో ఈ విషయమున ఒక ప్రమాణపత్రము 1996లో వెలువడి 2007లో సవరింపబడెను. చెట్టు తలను మొండిగ నఱుకుట తగదని ఆ పత్రము చెప్పుచున్నది. అట్లు నఱికిన చోట గుంపుగ మొలచు కొమ్మలు పైపైని అంటియుండి, పెరిగిన తరువాత విఱిగిపడును.

ఈ వైద్యమున కొక గొప్ప నిదర్శనము క్వీన్సులాండు రాష్ట్రమందలి బార్కాల్డిను పట్టణమున కలదు. అచ్చటి రైలు స్టేషను ముందట ఒక తెల్లమ్రాను చెట్టు ఉండెను. 1891లో గొఱ్ఱెల ఉన్ని కత్తిరించు కూలీలు సమ్మె కట్టినప్పుడు దాని నీడనే కూడి మాటలాడుకొనిరి. ఆ యేడు మే 1న వెయ్యిమందికి పైగా ఆ పట్టణమున ఊరేగిరి. ప్రభుత్వము సైనికులను పంపి నాయకులను చెఱసాలయందు పెట్టెను, సమ్మె ఓడిపోయెను. కాని 1892 సెప్టెంబరు 9న కార్మిక పక్షపు ప్రకటనను ఆ చెట్టు క్రిందనే చదివిరి. జనులు దానిని జ్ఞానవృక్షమనిరి. ఆ నీడ అందఱికిని లభింపలేదనుటయు సత్యమే. తెల్లవారు కాని కూలీలను రానీయరాదని ఆ పక్షమే కోరెను. 1901లో చట్టములు పుట్టెను. చెఱకు తోటలలో శ్రమించిన పసిఫికు దీవులవారిలో అనేకులు 1906 మొదలుకొని పంపివేయబడిరి.

కాలక్రమమున ఆ వృక్షమునకు చెదలు పట్టెను. 1990లో వృక్షవైద్యులు వచ్చి పురుగులకు మందు వేసి, ఎండిన కొయ్యను, పూర్వులు నింపిన కాంక్రీటును తీసివేసి, వేళ్ళలోనికి దిగునట్లు వేలకొలది లీటర్ల నీరు పోసిరి. చెట్టు మరల చిగిర్చెను. కాని 2006లో ఎవరో దాని మొదట కలుపు చంపు మందు పోయగా అది చనిపోయెను. ఎండిన మ్రానును భద్రపఱచి, దానిపై కొయ్యలతో గొప్ప మండపము కట్టి 2009లో తెఱచిరి. ఆ చెట్టు భాగములనుండియే పిల్లమొక్కలను కూడ పెంచిరి. పదునాఱేండ్ల క్రిందట నిలిపిన ప్రాణమును ఒక్క చేతి విషము తీసెను.

మెల్బోర్ను నగరపు వృక్షోద్యానమందును ఇట్టి దుఃఖమే జరిగెను. విక్టోరియా ప్రాంతము వేఱు రాష్ట్రమగుచున్నదని 1850 నవంబరు 15న జనులు పండుగ చేసికొన్న నీలగిరి వృక్షము అచ్చట నుండెను. 2010లో ఒకసారి, 2013లో మఱియొకసారి దుండగులు దాని బెరడును చుట్టును ఒలిచిరి. వైద్యులెంత శ్రమించినను అది నిలువలేదు. ఆకులు వండిన ఆహారము బెరడు లోపలి పొరగుండనే వేళ్ళకు దిగును. చుట్టు కోసినచో వేళ్ళు ఆకలితో చచ్చును. ఆ దేశపు ఆదివాసులు ఈ మర్మమును పూర్వమే ఎఱిగియుండిరి. వారు దోనెకొఱకు, డాలుకొఱకు మ్రానున ఒక ప్రక్క బెరడునే ఒలిచిరి. అట్టి గాయపు మచ్చలతో నేటికిని బ్రదికియున్న చెట్లు అచ్చటచ్చట కనబడును. రబ్బరు గీయువారును చెట్టు చుట్టంతయు ఒక్కమాఱు గీయకుండుట ఇందులకే.

చచ్చిన కొమ్మయు నిరుపయోగము కాదు. చిలుకలు, గబ్బిలములు, చెట్లపై తిరుగు చిన్న జంతువులు మొదలైన సుమారు 300 జాతుల ప్రాణులు ఆ దేశమున తొఱ్ఱలను ఆశ్రయించును. నీలగిరి చెట్టున మంచి తొఱ్ఱ ఏర్పడుటకు నూఱేండ్లకు పైగా పట్టును. కావున బుద్ధిగల పనివాడు కోయకమునుపు లోపల చూచును. అపాయము లేనిచోట మొద్దును నిలువనిచ్చును.

ఇటీవల వీరికి ఒక చిన్న పురుగు గొప్ప శత్రువయ్యెను. 2021లో పెర్తు నగరము దాపున తూర్పు ఫ్రిమాంటిలులో అది కనబడెను. పొడవు సుమారు రెండు మిల్లీమీటర్లు. కొయ్యను తొలిచి, లోపల బూజును పెంచి, దానినే తిని బ్రదుకును. సింహళపు తేయాకు పొదలను తొలుచు పురుగునకు ఇది దగ్గఱి చుట్టము. వేలకొలది చెట్లను కొట్టి పొట్టుచేసిరి. పచ్చికొయ్యను ఊరు దాటింపరాదని కట్టడి చేసిరి. అయినను నిర్మూలించుట సాధ్యము కాదని 2025లో నిశ్చయించి, అదుపులో నుంచు పద్ధతికి మాఱిరి. తాము కాపాడిన చెట్లనే తమ చేతులతో కొట్టవలసివచ్చుట ఆ పనివారికి ఎంత కష్టమో చెప్పనలవి కాదు.

ఈ వృత్తిలో జీవించుట సులభము కాదు. తుపాను రాత్రులందు పిలుపు వచ్చును. నడుము, భుజములు, చెవులు ముందుగ అలసిపోవును. వయస్సు మీఱినవారు ఎక్కుట మాని చెట్లను పరీక్షించి సలహా చెప్పుటకో, చిన్నవారికి నేర్పుటకో పూనుకొందురు. పనిచేయుచునే చదివి యోగ్యతాపత్రము పొందు ఏర్పాటు కలదు. కాని పత్రము లేనివాడు ఈ పని చేయరాదని దేశమంతటికిని ఒక చట్టము లేదు. ఱంపము కొన్న ప్రతివాడును తక్కువ కూలికి వచ్చి తలలు నఱికి పోవుటచేత, నేర్చినవాని కూలి తగ్గును, చెట్టు చెడును, ఒక్కొక్కప్పుడు ఆ చవక పనివాని ప్రాణమే పోవును.

కూలీ లైనుల చెంత నున్న చెట్లకును ఈ పాఠము వర్తించును. మొదట పుట్టగొడుగులు మొలచినను, మ్రాను పగిలినను, ఇంటిపై ఎండుకొమ్మ వ్రేలాడినను వెంటనే పైవారికి తెలుపవలెను. మ్రానునకు తీగ బిగించి కట్టరాదు. మొదట చెత్త కాల్చరాదు. త్రాడు లేక, క్రింద తోడు లేక, ఎవడైనను ఎక్కుమనినచో ఎక్కరాదు. కోసిన కొమ్మ మరల అతుకదు. పడిన మనుష్యుడు మరల లేచునను నిశ్చయము లేదు. కావున కోయకమునుపు చూచుటయే ఈ వృత్తిలో మొదటి పని.