మూడు రోజుల ఇంగ్లీషు మేడమ్

జపాన్‌లో బడి నుంచి బడికి తిరుగుతూ ఇంగ్లీషు చెప్పే టీచర్లుంటారని మీరు వినే ఉంటారు. 1987లో మొదలైన జెట్ పథకం కింద వేరే దేశాల నుంచి వెళ్లినవాళ్లు చాలామంది ఇలాగే తిరుగుతారు. ఇవాళ ఒక బడి, రేపు ఇంకోటి. గుమ్మంలో చెప్పులు విడవడం, మధ్యాహ్నం పిల్లల మధ్యే కూర్చుని తినడం... చదువుతుంటే అచ్చం నా సంగతే అనిపించింది! కాకపోతే వాళ్ల పక్కన ఆ తరగతి టీచరు కూడా ఉంటారు. నా ముందు మూడు, నాలుగు, అయిదు తరగతులు ఒకే గదిలో ఉంటాయి.

మాది మెదక్ జిల్లా నర్సాపూర్. సోమ, మంగళ, బుధవారాలు నా సొంత బడి. గురు, శుక్ర, శనివారాలు సర్దుబాటు మీద ఒక తండా బడి. పొద్దున్నే పిల్లల బాక్సులు, మా ఆయన బాక్సు, నా బాక్సు సర్దేసి బస్టాండుకి పరుగు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీలో ఉచితం కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. చార్జీలు మిగిలాయి, సీటే పోయింది! రోడ్డు మీద దిగాక ఆటో దొరికితే అదృష్టం, లేదంటే నడకే. మా అడవి దారిలో కోతుల సంగతి తెలిసినవాళ్లెవరూ బ్యాగు జిప్పు తెరిచి నడవరు లెండి.

ఇక అసలు విషయానికొస్తా. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. లెక్కల పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మంచి ఆలోచనే. కానీ ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లకి రెండు పేజీలూ పరాయివే కదా! అందుకే నేను బోర్డు మీద మూడు గళ్లు గీస్తాను. పాణి, నీళ్లు, వాటర్. యాడి, అమ్మ, మదర్. మొదటి గడి పిల్లలు నాకు నేర్పాలి. నేను తప్పు పలికితే వాళ్ల సంబరం చూడాలి!

తర్వాత ఇంట్లో ఉన్న ఇంగ్లీషు మాటలు తెమ్మంటాను. మోటర్, స్టార్టర్, కరెంట్, చార్జర్, ఫ్యాన్... బోర్డు నిండిపోతుంది. "మేడమ్, ఇది ఇంగ్లీషా? మా తాత రోజూ మాట్లాడ్తడు గద!" అన్నాడొక గడుగ్గాయి. ఇక "ఇస్కూల్" పోవాలంటే ముందు పాములాగా "స్స్స్" అనిపించి, ఆ బుసలోంచే "స్కూల్"లోకి దించాలి. పదిసార్లలో వచ్చేస్తుంది.

చిక్కంతా సోమవారం నుంచి బుధవారం దాకానే. గురువారం వెళ్లేసరికి సగం మరిచిపోతారు. ఆ సమయంలోనే తండాలోకి ప్రైవేటు బడి పసుపు బస్సు వచ్చి పోతుంటుంది.

నాలుగో తరగతి పిల్ల వాళ్లమ్మ ఒకరోజు బడికొచ్చింది. "మీరు మూడొద్దులే వస్తరు గద మేడమ్, పిల్లకి ఇంగ్లీషు ఎట్లొస్తది? అప్పు జేసన్న బస్సెక్కిస్త" అంది. ఏం చెప్పను? ఆమె అడిగింది న్యాయమే. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. గడప పక్కన పొలానికి కొట్టే మందు డబ్బా ఉంది. "ఇది చదువమ్మా" అన్నాను. పిల్ల ఒక్కో అక్షరం కూడబలుక్కుని "డేం...జర్" అంది. "ఏమని?" అంది తల్లి. "పాణం మీదికొస్తదని!" అంది పిల్ల. తల్లి డబ్బా తీసి అటక మీద పెట్టేసింది.

మీ ఇళ్లలోనూ ఉంటే చూడండి. ఆ డబ్బాల మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు, పసుపు ఉంటే పాయిజన్ అని, నీలం ఉంటే డేంజర్ అని, ఆకుపచ్చ ఉంటే కాషన్ అని రాసుంటుంది. ఎరుపు అన్నిటికన్నా విషం. మర్నాడు మా పాఠం అదే. పిల్లలు ఇంటికెళ్లి ఖాళీ డబ్బాల్ని కూడా ముట్టుకోకుండా దూరం నుంచే రంగు చూసి రావాలని షరతు పెట్టాను.

"సంక్రాంతి దాంక చూస్త" అంది ఆ తల్లి. నాకు దొరికింది ఆ గడువే. ఇప్పుడు అయిదో తరగతి అమ్మాయికి చార్టు, బెత్తం అప్పజెప్పాను. బెత్తం చూపించడానికే సుమా! నేను లేని మూడు రోజులూ ప్రార్థన అయ్యాక పది మాటలు తనే పలికిస్తుంది. పోయిన గురువారం నేను వెళ్లేసరికి పదీ గుర్తున్నాయి. పదకొండోది వాళ్లే చేర్చుకున్నారు, "మంకీ" అని.